మీటరు వెనక్కి పంపొద్దు, అల్లుడూ

కావలి,
ఆదివారం రాత్రి

అల్లుడూ,

ఇస్కపల్లి గుంట దగ్గర పెట్టిన ఆక్సిజన్ మీటరు పాడైందని, రేపు కొరియర్‌లో వెనక్కి పంపేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పంపొద్దు. నువ్వు మొన్న పంపిన ప్రోగ్రాం కూర్చుని చదివాను. మీటరు నిక్షేపంలా ఉంది. తప్పు నువ్వు జావా భాషలో రాసిన ప్రోగ్రాంలో ఉంది, అదీ ఒక్క లైన్లో.

తెల్లారుజామున నాలుగింటికి డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, 2.34 అని అలారం మోగిందా, గుంట చూసుకునే ఆయన పాపం లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తి నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లన్నీ వేశాడా, తీరా చేతి మీటరు ముంచి చూస్తే 4.90 ఉందా? ఆ రెండింటికీ తేడా తీసి చూడు. సరిగ్గా 2.56. చెడిపోయిన మీటరు ఇంత కచ్చితంగా అబద్ధం చెప్పదు. తేడాలో 256 కనబడిందంటే ముందు బైటును పట్టుకోవాలి. బైటంటే ఎనిమిది బిట్లు, ఒక్కో బిట్టు 0 గానీ 1 గానీ, అన్నీ కలిపి 256 విలువలే పడతాయి.

మీ మీటరు రీడింగును వందతో హెచ్చవేసి రెండు బైట్లుగా పంపుతోంది. 4.90 అంటే 490. పెద్ద బైటు 1, చిన్న బైటు 234. పెద్దదాన్ని 256తో గుణించి చిన్నది కలిపితే 490 రావాలి, నువ్వు రాసింది కూడా అదే. కాలేజీలో పైథాన్‌తో చెయ్యి తిరిగినవాడివి, అక్కడ బైటు తీస్తే 0 నుంచి 255 దాకా ఏదుంటే అదే చేతికొస్తుంది. జావాలో బైటు -128 నుంచి 127 వరకే. ఎనిమిది బిట్లలో ఎడమ చివర ఉన్నదాని విలువ 128 కదా, జావా దాన్ని మైనస్ 128 అని చదువుతుంది. దాంతో 234 కాస్తా -22 అయింది. 256లోంచి 22 పోతే 234. అదీ నీ 2.34.

చిన్న బైటు 127 దాటనంతసేపూ ఏ గొడవా ఉండదు. 3.83 దాకా సరిగ్గా చూపించి, 3.84 కాగానే 1.28 అంటుంది. నీళ్లలో ఆక్సిజన్ కాస్త పెరిగింది, ఫోన్లో మాత్రం పాతాళానికి పడిపోయింది! 5.12కు మళ్లీ బుద్ధిగా సర్దుకుంటుంది. నువ్వు ఇంట్లో బకెట్ నీళ్లతో చూసినప్పుడు 5.60 వచ్చిందన్నావు, అందుకే దొరకలేదు. ఇంకో సంగతి, నీ గ్రాఫులో మధ్యాహ్నం పూట 4.44 అని ఉంది చూడు. అది నిజానికి 7.00. నమ్మేటట్టు ఉంది కాబట్టి ఎవరూ అడగలేదు. నన్నడిగితే అలారం మోగించిన తప్పు కంటే ఇదే ప్రమాదం.

ఇప్పుడు మందు. బిట్లు ఎక్కడా చెడలేదు, మీటరు పంపిన ఎనిమిదీ అట్టాగే ఉన్నాయి. బైటు లెక్కలోకి దిగేటప్పుడు జావా దాన్ని 32 బిట్ల ఇంట్‌గా సాగదీస్తుంది. ఆ సాగదీతలో ఎడమ చివరి బిట్టు 1 అయితే, కొత్తగా చేరే 24 చోట్లా 1లే నింపుతుంది. మనం ఆ 24నీ తుడిచెయ్యాలి. కింది లైన్లో 255 ఉన్న చోట జరిగేది ఆ తుడుపే, 8 ఉన్న చోట జరిగేది 256తో గుణించడం, మధ్యలో నిలువు గీత రెండిటినీ కలుపుతుంది:

((పెద్ద & 255) << 8) | (చిన్న & 255)

జావా వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోనిస్తుంది, కావాలంటే ఇట్టాగే రాసుకో, మీ టీమ్ లీడ్ ఏమంటాడో నాకు తెలియదు. బ్రాకెట్లు మాత్రం ఒక్కటి కూడా తియ్యకు. & కంటే << ముందు జరుగుతుంది, బ్రాకెట్ లేకపోతే 255 పక్కకు జరిగి కూర్చుంటుంది. & 255 మర్చిపోయి ఉత్త | పెట్టావో, 4.90 చోట -0.22 వస్తుంది. 2014లో వచ్చిన జావా 8 నుంచి బైట్ క్లాసులో 'టు అన్‌సైన్డ్ ఇంట్' అని రెడీమేడ్ మెథడ్ కూడా ఉంది, చేసేది ఇదే పని. ఏది వాడినా ఒక్క ఫంక్షన్‌లో పెట్టి అందరూ అక్కణ్నించే తీసుకునేటట్టు చెయ్యి. మైనస్ వచ్చిన చోటల్లా 256 కలుపుకుంటూ పోయావంటే ఎక్కడో ఒకచోట మర్చిపోతావు.

నిన్ను వెక్కిరించడానికి రాయడం లేదులే. ఒంగోలు అవతల ఒక పాల కేంద్రంలో కాటాను కంప్యూటర్‌కు కలపడానికి వెళ్లి నేను రెండు రోజులు కూర్చున్నాను. కాటా పంపే ప్రతి ప్యాకెట్టూ 170తో మొదలవుతుంది. బైటు == 170 అయితే చదువు అని రాశాను. 127 దాటని బైటు 170 ఎప్పుడవుతుంది? జావా ఒక్క మాటనకుండా కంపైల్ చేసింది. కేబుల్ మార్చాను, ఒంగోలు పోయి ఇంకో కన్వర్టర్ తెచ్చాను, కాటా అమ్మినవాణ్ని ఫోన్లో నానా మాటలన్నాను. పొద్దున్నే క్యాన్లతో వచ్చినవాళ్లు నా వెనక నిలబడి చూస్తుంటే టెన్షన్ ఒకటి. చివరికి వచ్చిన బైట్లన్నీ తెరమీద అచ్చేస్తే ప్రతి ప్యాకెట్ మొదట్లో -86 కనబడింది. ఆ కాటావాడికి ఫోన్ చేసి సారీ చెప్పడానికి ఇంకో రోజు పట్టింది.

నీ రీడ్ లూపులో కూడా ఒకటుంది. ఇన్‌పుట్ స్ట్రీమ్ 'రీడ్' మెథడ్ ఇంట్ ఇస్తుంది: 0 నుంచి 255, డేటా అయిపోతే -1. నువ్వు దాన్ని ముందే బైటుగా మార్చి, ఆ తర్వాత -1 కాదా అని చూస్తున్నావు. మీటరు 255 పంపిన రోజు అదీ -1 అయిపోయి లూపు మధ్యలోనే ఆగిపోతుంది. ముందు పోల్చు, తర్వాత మార్చు. మీటరుకు ఏదన్నా పంపాల్సి వస్తే 200ను బైటుగా మార్చి పంపెయ్, చూపించేది -56 అయినా వైరు మీద పోయే బిట్లు అవే.

టెస్టులో 1, 2, 3 పెట్టి మురిసిపోకు. 127, 128, 255, 256, 383, 384 పెట్టు. ఇంకో తేలిక దారి, ఫైల్లో ఒంగోలు అని తెలుగులో రాసి అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో దాచి బైట్లు చదువు. 'ఒ' ఒక్కటే మూడు బైట్లు: 224, 176, 146. జావా -32, -80, -110 అంటుంది. మన అక్షరాల్లో ఏ బైటు తీసినా 127 పైనే, ఈ తప్పు దాక్కోవడానికి చోటే ఉండదు.

పాత రీడింగులు డిలీట్ చేశానని మాత్రం చెప్పకు. 1.28 నుంచి 2.55 మధ్య చూపించినవన్నీ 3.84 నుంచి 5.11 మధ్యవి. 3.84 నుంచి 5.11 మధ్య చూపించినవి 6.40 నుంచి 7.67 మధ్యవి. మైనస్‌లో ఉన్నవి ఏమైనా ఉంటే అవే ఆయన నిజంగా పరిగెత్తాల్సిన రాత్రులు. వీటన్నిటికీ 2.56 కలిపితే సరిపోతుంది, ఒక్క రీడింగు కూడా పోలేదు. ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని శనివారం ఇంటికి రా, దిద్దుకుని ఇద్దరం కలిసి గుంట దగ్గరికి పోదాం. ఆయనకు మీటరు మంచిదేనని నువ్వే చెప్పాలి.

మీ మామ