బీన్స్ ఉమ్మేశాడని ఏడవకు

అమ్మడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చిన్నోడు బీన్స్ ముక్క నోట్లో పెట్టుకుని, నమిలినట్టే నమిలి, నీ కళ్లలోకి చూస్తూ కంచంలోకి ఉమ్మేశాడని రాశావు. తర్వాత వంటింట్లోకి వెళ్లి ఏడ్చానని కూడా రాశావు. మా అబ్బాయికి, అదే మీ బావకి, నాలుగేళ్లప్పుడు నేనూ ఆ పనే చేశాను. ఇప్పుడు పచ్చి క్యాబేజీ కూడా నములుతూ తిరిగే మనిషి, అప్పట్లో కంచంలో ఆకుపచ్చ చుక్క కనిపిస్తే చాలు, కంచం మొత్తం అవతలికి నెట్టేసేవాడు.

నీకు చుట్టుపక్కల వాళ్లు చెప్పే చిట్కాలేవీ పనికిరావని నాకు తెలుసు. చీజ్ కరిగించి పొయ్యమంటారు, బ్రెడ్ పొడి అద్ది వేయించమంటారు, నూడుల్స్‌లో కలిపెయ్యమంటారు. మీ బావలాగే మీవాడికీ సీలియాక్, అంటే గ్లూటెన్ అనే ప్రొటీన్ చిన్నపేగుని దెబ్బతీసే జబ్బు. అది ఉన్న పిల్లాడికి గ్లూటెన్ ఉండే గోధుమ, బార్లీ, రై అనే ధాన్యం, మూడూ బంద్. దానికి తోడు డాక్టరు గారు పాలు కూడా కొన్నాళ్లు ఆపమన్నారాయె. పాల సంగతి మాత్రం మరీ టెన్షన్ పడకు. చిన్నపేగు లోపలి గోడ మీద నూగులాంటి పొర ఉంటుంది, పాలలోని చక్కెరను అరిగించే ఎంజైము దాని కొసల్లోనే తయారవుతుంది. గ్లూటెన్ వల్ల ఆ నూగు అరిగిపోయింది కాబట్టి పాలు పడటం లేదు. గ్లూటెన్ పూర్తిగా మానేశాక ఆ పొర మళ్లీ వస్తుంది, చాలామంది పిల్లలకి పాలు కూడా మళ్లీ పడతాయి. ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు గారినే అడుగు.

ఇక అసలు విషయం. ఈ నాలుగు నెలలుగా వాడు రోజుకి ఎన్నిసార్లు ‘వద్దు’ వింటున్నాడో ఒక్కరోజు లెక్కపెట్టి చూడు. స్నేహితుడి పుట్టినరోజు కేకు వద్దు, పక్కింటి వాళ్లిచ్చిన బిస్కెట్ వద్దు, నిన్నటిదాకా ఇష్టంగా తిన్న బ్రెడ్డు వద్దు. జబ్బు బయటపడకముందు తిన్నప్పుడల్లా కడుపునొప్పి. ఇప్పుడేమో నోటిదాకా వచ్చింది ఎవరో ఒకరు లాక్కుంటున్నారు. ఇంత జరిగాక నువ్వు బీన్స్ తెచ్చి ఇది తిని తీరాలంటావు. అంటే తింటానన్నది వద్దంటాం, వద్దన్నది తినమంటాం. వాడి స్థానంలో ఉంటే నేనూ ఉమ్మేసేదాన్ని.

నాకిది తెలియడానికి ఏడాది పట్టింది. ఒకరోజు ఇంట్లో వదిలెయ్యడానికి ఎవరూ లేక మీ బావని కూరగాయల మార్కెట్‌కి వెంటబెట్టుకెళ్లాను. వాడు అలవాటుగా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. అప్పటికి దుకాణంలో ఏదీ ముట్టుకోకూడదని వాడే నేర్చేసుకున్నాడు. అది చూసి నా గుండె కలుక్కుమంది. కూరగాయల్లో గ్లూటెన్ ఎక్కడిది? వంగి వాడి చెవిలో, “ఇక్కడున్న వాటిలో నువ్వు తినకూడనిది ఒక్కటి కూడా లేదు. ఏది కావాలో నువ్వే తియ్యి” అన్నాను. వాడు నమ్మలేదు. టమాటా చూపించి ‘ఇది?’ అన్నాడు. తినొచ్చన్నాను. ‘అది?’ తినొచ్చన్నాను. అలా ఇరవై ముప్పై అడిగాడు. చివరికి తన తలకాయంత ఊదా రంగు క్యాబేజీ ఎత్తుకొచ్చాడు.

దాన్ని వాడు తిన్నాడనుకుంటున్నావా? లేదు. మూడు వారాలు తినలేదు. కానీ ఇంటికి రాగానే దాన్ని సన్నగా తరిగి గిన్నెలో వేసి, నిమ్మచెక్క వాడి చేతికిచ్చి పిండమన్నాను. రసం పడ్డ చోటల్లా ఊదా రంగు పోయి గులాబీ రంగు తేలింది. క్యాబేజీలోని ఆ రంగు పులుపు తగిలితే అలా మారుతుంది. వాడు నోరు తెరుచుకుని చూశాడు, ఇంకో చెక్క అడిగాడు, వేళ్లకి అంటిన రసం నాకాడు. ముఖం చిట్లించాడు. మళ్లీ నాకాడు. నేను ఏమీ అనలేదు. ఆ ‘ఏమీ అనకపోవడం’ నా జీవితంలో నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

కాబట్టి వాడికి మొదట తినొచ్చన్న వాటి లెక్క చూపించు. మార్కెట్లో వాడిని ఏరుకోనివ్వు, కడగనివ్వు, బఠానీ ఒలవనివ్వు. చేతికి అలవాటైంది ఎప్పటికో నోటికి అలవాటవుతుంది. రెండు నుంచి ఆరేళ్ల మధ్య కొత్త తిండంటే పిల్లలకి సహజంగానే భయం ఎక్కువ. మీవాడికి ఐదు. పైగా చేదు పిల్లల నాలుకకి మనకంటే గట్టిగా తగులుతుంది. నీకు కమ్మగా ఉన్న కూర వాడికి నిజంగానే చేదుగా ఉండొచ్చు, అదంతా నాటకమని అనుకోకు.

నేను చేసిన ఒక తప్పు చెబుతాను, నువ్వు చెయ్యకు. మీ బావ తినే నాలుగైదు రకాల్లో మెదిపిన బంగాళాదుంప ఒకటి. నేను తెలివి ఉపయోగించి అందులో ఉడికించిన కాలీఫ్లవర్ మెత్తగా రుబ్బి కలిపాను. రెండు రోజులు తిన్నాడు. మూడో రోజు కొంచెం ఎక్కువ కలిపాను, వాసన పట్టేశాడు. “ఇందులో ఏం కలిపావు?” అన్నాడు. ఏమీ లేదన్నాను. అంతే, ఆ రోజు నుంచి రెండు నెలలు బంగాళాదుంపే ముట్టలేదు. ఒక కూర ఎక్కించబోయి, ఉన్న కాసిని రకాల్లోంచి ఒకటి పోగొట్టుకున్నాను. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే, అప్పటిదాకా ‘ఇందులో గోధుమ లేదు, తిను’ అంటే కళ్లు మూసుకుని తినేవాడు ప్రతిదానికీ ‘నిజంగా లేదా?’ అనడం మొదలుపెట్టాడు. ఇలాంటి పిల్లలకి మన మాటే లేబుల్. కలపాలనుకుంటే వాడి ముందే కలుపు. సూప్‌లో క్యారెట్ ఉందని చెప్పే పెట్టు. చిక్కదనానికి మైదా, క్రీమ్ అక్కర్లేదు, ఉడికిన బంగాళాదుంపో గుమ్మడికాయో మెదిపితే సరిపోతుంది.

మీ అత్తగారు “ఆకలేస్తే వాడే తింటాడు” అన్నారని రాశావు. ఆవిడ మాటలో సగం నిజముంది, కొట్టిపారెయ్యకు. భోజనానికీ భోజనానికీ మధ్య రెండున్నర మూడు గంటలు ఖాళీ ఉండాలి, ఆ మధ్యలో నీళ్లు తప్ప జ్యూసులు, చిరుతిళ్లు వద్దు. కానీ పస్తులు పెట్టి లొంగదీద్దామంటే మాత్రం ఒప్పుకోకు. ఇప్పటికే బరువు తక్కువున్న పిల్లాడు. ప్రతి పూటా కంచంలో వాడు ఖాయంగా తినేది ఒకటి ఉండాలి, దాని పక్కన కొత్తది ఒక్క ముక్క. ఒక్క ముక్క అంటే వాడి చిటికెన వేలి గోరంత. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది నీ ఇష్టం. ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అన్నది వాడి ఇష్టం. ఈ గీత నువ్వు దాటకు, వాడినీ దాటనివ్వకు.

బలవంతం చేస్తే ఏమవుతుందో పరీక్షించి చూసినవాళ్లున్నారు. 2006లో అచ్చయిన ఒక పరిశోధనలో మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకి రెండు రకాల సూప్ పెట్టి, ఒకదాన్ని మాత్రం పూర్తిగా తాగమని పదేపదే చెప్పారు. ఏమీ అనకుండా వదిలేసిన సూపే పిల్లలు ఎక్కువ తాగారు. తాగమని పోరిన సూప్ గురించేమో బోలెడు వంకలు పెట్టారు. అందుకని ‘ఒక్క ముద్ద, అమ్మ కోసం’ అనడం మానెయ్యి. ‘బీన్స్ తింటే చాక్లెట్ ఇస్తా’ అనడం ఇంకా చేటు. అలా అన్నామంటే బీన్స్ శిక్ష, చాక్లెట్ బహుమతి అని మనమే నేర్పినట్టు.

ఒక కొత్త రుచి నాలుకకి అలవాటు కావాలంటే ఎనిమిది నుంచి పదిహేనుసార్లు తగలాలంటారు. మనం మూడోసారికే ‘వీడికి నచ్చదు’ అని తేల్చేస్తాం. నువ్వు బీన్స్ ఎన్నిసార్లు పెట్టావు? నాలుగా? ఇంకా చాలా దూరం ఉంది. ఆ తగలడంలో నాకడం కూడా లెక్కే, కొరికి ఉమ్మడం కూడా లెక్కే. మీ బావకి కంచం పక్కన చిన్న గిన్నె పెట్టేదాన్ని, నచ్చకపోతే అందులో ఉమ్మెయ్యొచ్చని. ఉమ్మే వీలుందని తెలిశాక నోట్లో పెట్టుకోవడానికి ధైర్యం వచ్చింది. నిన్న మీవాడు బీన్స్ నమిలి ఉమ్మాడంటే, నా లెక్కలో అది ఒకటి.

బీన్స్ ఎలా వండావో రాయలేదు. మెత్తగా ఉడికించి ఉంటావు. ఈసారి నీళ్లు తెర్లుతుండగా ఉప్పు వేసి, బీన్స్ మూడు నాలుగు నిమిషాలు ఉంచి, తీసి చన్నీళ్లలో పడెయ్యి. రంగు పచ్చగా నిలుస్తుంది, విరిస్తే టక్కుమని చప్పుడొస్తుంది. ఆ చప్పుడు కోసం మీ బావ పది ముక్కలు విరిచి ఒకటి తిన్నాడు. ఉప్పు చేదుని కాస్త అణుస్తుంది, కాబట్టి చిటికెడు ఉప్పుకి భయపడకు. కాలీఫ్లవర్, క్యాబేజీ ఎక్కువసేపు ఉడికితే గంధకం వాసన కొడతాయి, పిల్లలు పారిపోయేది సగం ఆ వాసనకే. కాలీఫ్లవర్‌ని చిన్న రెబ్బలుగా విడదీసి, నీళ్లు ఆరనిచ్చి, నూనె పట్టించి, పెనం మీద అంచులు గోధుమరంగుకి వచ్చేదాకా కదపకుండా వదిలెయ్యి. తియ్యగా వస్తుంది. (రంగు పేరు విని భయపడకు, గోధుమ లేదు!) క్యారెట్ పచ్చిది ఇస్తే చక్రాలుగా, గట్టి కర్రలుగా ఇవ్వకు, గొంతుకి అడ్డం పడుతుంది. తురిమో, మెత్తబడేలా ఉడికించో ఇవ్వు.

కూరగాయ మంచిదే అయినా వంటింట్లో చెడుతుంది, ఇది నీకు తెలిసే ఉంటుంది. పిండి వస్తువులు వేయించిన నూనెలో వీడికి బంగాళాదుంపలు వేయించకు. జల్లెడ, చెక్క గరిటె వీడికి వేరుగా ఉంచు. సోయా సాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుంది. సూప్ పొడుల ప్యాకెట్లు ప్రతిసారీ చదువు, నిన్న చదివాను కదా అనుకోకు.

ఇంకొకటి, అందరూ మర్చిపోయేది. వాడికి విరేచనం సాఫీగా అవుతోందా? గ్లూటెన్ లేని బ్రెడ్లు, బిస్కెట్లు చాలావరకు పిండిపదార్థమే, పీచు తక్కువ. మలబద్ధకం ఉంటే పిల్లాడికి ఆకలే ఉండదు, మనమేమో మొండితనం అనుకుంటాం. ఈ జబ్బులో ఐరన్ తగ్గడం కూడా మామూలే, దానివల్లా ఆకలి చచ్చిపోతుంది. రక్తపరీక్ష ఎప్పుడు చేయించారో చూసుకో. ఆకుకూర తిన్న పూట నిమ్మరసమో టమాటానో తోడుంటే అందులోని ఐరన్ బాగా వంటబడుతుంది. వాడికి అది పడలేదు ఇది పడలేదని నీ అంతట నువ్వు ఇంకో రకం మానిపించకు. ఇదివరకు తినేవి ఒక్కొక్కటే మానేస్తూ తిరిగి మొదలుపెట్టకపోయినా, బరువు తగ్గుతున్నా, ముద్ద నోట్లో పెట్టగానే ప్రతిసారీ డోకు వస్తున్నా నా ఉత్తరాలు పక్కన పెట్టి డాక్టరు గారి దగ్గరికి, డైటీషియన్ దగ్గరికి వెళ్లు. అది పేచీ కాకపోవచ్చు.

“నాకే ఎందుకు?” అని వాడు అడుగుతున్నాడన్నావు. మీ బావ అడిగినప్పుడు నేనొక కథ చెప్పేదాన్ని, నిజం కథే. నెదర్లాండ్స్‌లో విలెమ్ డిక్కె అని ఒక పిల్లల డాక్టరు ఉండేవాడు. గోధుమ మీద ఆయనకి ముందునుంచీ అనుమానం. యుద్ధం చివర్లో, 1944–45 చలికాలంలో, అక్కడ బ్రెడ్డు దొరక్క జనం తులిప్ పూల దుంపలు కూడా తిన్నారు. ఊరంతా చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు, బ్రెడ్డు తిరిగి రాగానే మళ్లీ పడిపోయారు. 1950లో ఆయన దీన్నంతా తన పరిశోధనగా రాశాడు. మీ బావకి డాక్టరు సంగతి అక్కర్లేదు, తులిప్ దుంపలు ఎలా ఉంటాయన్నదే పట్టుకున్నాడు. నాకు తెలియదు, బీట్‌రూట్ ఉంది, అదే తులిప్ దుంప అనుకుని ఆడుకుందామా అన్నాను. తిన్నాడు. మర్నాడు ఉదయం బాత్రూంలో ఎర్రగా కనిపించేసరికి ఇంటిల్లిపాదినీ లేపాడు, అది వేరే సంగతి. బీట్‌రూట్ పెడితే ముందే చెప్పి పెట్టు.

ఆదివారం వాడిని మార్కెట్‌కి తీసుకెళ్లు. ఊదా క్యాబేజీ కనిపిస్తే రెండు నిమ్మకాయలు కూడా తెచ్చుకో. తులిప్ దుంపల కథ మాత్రం నువ్వు చెప్పకు. సాయంత్రం మీ బావ ఫోన్ చేసి తనే చెబుతాడట, అది తన కథ అంటున్నాడు.

మీ అత్త