టెక్ సందేహాలు: ఒక నంబరు పిలిస్తే అయిదు ఫోన్లు పలికేలా

సందేహం: మేము న్యూజెర్సీలో ఉంటున్నాం. మా చుట్టుపక్కల ఒంటరిగా ఉంటున్న పెద్దవారికి వారంలో రెండు రోజులు భోజనం వండి ఇంటికి తీసుకెళ్లి ఇస్తాం. మొత్తం అయిదుగురం. కరపత్రం మీద నా సెల్ నంబరు వేశాం. తెల్లవారుజామున అయిదింటికి మోగుతుంది, ఆఫీసు మీటింగులో మోగుతుంది. పోయిన నెల నేను ఊరెళ్లినప్పుడు వచ్చిన ఫోన్లు ఎవరూ ఎత్తలేదు. ఖర్చు లేకుండా అయిదుగురి ఫోన్లూ ఒకేసారి మోగే నంబరు ఏదైనా ఉందా?

జవాబు: ఉంది. మీరు అమెరికాలోనే ఉన్నారు కాబట్టి గూగుల్ వాయిస్ సరిపోతుంది. గూగుల్ ఖాతా, ధ్రువీకరణకు ఒక అమెరికా ఫోను నంబరు ఉంటే చాలు, కొత్త నంబరు ఉచితంగా ఇస్తారు, దొరికితే మీ ప్రాంతపు ఏరియా కోడ్‌తోనే. ఆ నంబరుకు ఆరు ఫోన్ల దాకా జోడించుకోవచ్చు. ఎవరైనా దానికి ఫోను చేస్తే జోడించినవన్నీ మోగుతాయి. ముందు ఎవరు ఎత్తితే కాల్ వారిది, మిగతా ఫోన్లు ఆగిపోతాయి. దేశం లోపల మాట్లాడుకోవడానికి గూగుల్ ఏమీ తీసుకోదు. మీ అయిదుగురికీ ఇది కొలిచి కుట్టినట్టుంది.

చిక్కంతా అమర్చుకోవడంలోనే ఉంది. అందరూ తప్పటడుగు వేసే చోట కాస్త నిలబడి చెబుతాను.

మీ అయిదుగురిలో ఒకరి ఫోను స్విచ్ఛాఫ్ అయి ఉందనుకోండి. పెద్దాయన ఫోను చేస్తారు. నాలుగు ఫోన్లు మోగడం మొదలవుతుంది. ఆపేసి ఉన్న అయిదో ఫోను మాత్రం ఒక్కసారి కూడా మోగకుండా తన సొంత వాయిస్‌మెయిల్‌ను ముందుకు తోస్తుంది. ఎవరో ఎత్తారనే అనుకుంటుంది గూగుల్ వాయిస్. మిగతా నాలుగు ఫోన్లూ టక్కున ఆగిపోతాయి. రేపటి భోజనం వద్దని చెప్పాలనుకున్న ఆ పెద్దాయన మాటలు ఎవరి సొంత వాయిస్‌మెయిల్‌లోనో పడి ఉంటాయి. తీరా భోజనం పట్టుకెళ్లి తలుపు తడితే ఇంట్లో ఎవరూ ఉండరు.

దీనికి మందు సెట్టింగుల్లో ఉన్న కాల్ స్క్రీనింగ్. అది పెట్టుకుంటే ఫోను ఎత్తిన మనిషి ఒకటి నొక్కితేనే కాల్ కలుస్తుంది. వాయిస్‌మెయిల్ యంత్రానికి ఒకటి నొక్కడం రాదు కదా. అయితే కాంటాక్టుల్లో లేనివారు ఫోను చేసినప్పుడు ‘మీ పేరు చెప్పండి’ అని ఒక గొంతు అడుగుతుంది. ఎనభై ఏళ్ల మనిషి అది విని కంగారుపడి పెట్టేయవచ్చు. అందుకే మీరు భోజనం ఇచ్చే ఇళ్ల నంబర్లన్నీ ఒక సాయంత్రం కూర్చుని ఆ ఖాతా కాంటాక్టుల్లో ఎక్కించండి. విసుగు పుట్టించే పనే, కానీ తప్పించుకోకండి.

తర్వాత, ఫోను మోగినప్పుడు తెర మీద పిలిచినవారి నంబరు కాకుండా మీ వాయిస్ నంబరే కనిపించేలా మార్చుకోవచ్చు. ఆ నంబరును అయిదుగురూ ‘భోజనాల ఫోను’ అని సేవ్ చేసుకుంటే, మోగుతున్నది టోకరా కాలా, ఆకలి కాలా అని ఆలోచించే పని ఉండదు. పిలిచిన వారి అసలు నంబరు వాయిస్ యాప్‌లోని కాల్ జాబితాలో ఉంటుంది. తిరిగి చేసేటప్పుడు మాత్రం ఆ యాప్ నుంచే చేయండి. మామూలుగా డయల్ చేస్తే అవతల కనిపించేది మీ సొంత నంబరు. అంటే మళ్లీ తెల్లవారుజాము అయిదు గంటలే!

ఎవరూ ఎత్తకపోతే వాయిస్‌మెయిల్‌ను గూగుల్ అక్షరాల్లోకి మార్చి ఈమెయిల్‌లో పంపుతుంది. ఆ ఈమెయిల్ అయిదుగురికీ వెళ్లేలా జీమెయిల్‌లో ఒక్కొక్కరికి ఒక్కో ఫిల్టర్ పెట్టుకోండి. ఇంగ్లీషులో మాట్లాడిన సందేశం చదివితే విషయం తెలిసిపోతుంది. తెలుగులో మాట్లాడినదానికి ఆ రాత మీద ఆశ పెట్టుకోకుండా ఆడియో వినండి.

జోడించేటప్పుడు ఇంకొక సంగతి. ఒక సెల్ నంబరు ఒకే వాయిస్ ఖాతాలో ఉండగలదు. మీలో ఎవరికైనా సొంత గూగుల్ వాయిస్ ఉంటే, వారి సెల్‌ను ఇక్కడ కలిపితే అక్కడ ఊడిపోతుంది. ముందే అడిగి తెలుసుకోండి.

ఇక అసలు మాట. ఈ నంబరును మీ సొంత జీమెయిల్ మీద తీసుకోకండి. సేవ కోసం వేరే ఖాతా తెరవండి. దాని పాస్‌వర్డ్, రికవరీ వివరాలు కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. రెండేళ్ల తర్వాత మీరు ఉద్యోగం మారి టెక్సస్ వెళ్లిపోవచ్చు. ఆ రోజు మీ ఫోను ఒక్కటి జాబితాలోంచి తీసేస్తే పని అయిపోవాలి. కరపత్రం మీది నంబరు చెక్కుచెదరకూడదు. సొంత నంబరు వేసి మీరు పడ్డ ఇబ్బంది మూలం అదే. నంబరు మనిషిది అయింది, పనిది కాలేదు.

ఉచితంగా వచ్చేది వ్యక్తిగత వాడకానికి ఉద్దేశించినదని గుర్తుంచుకోండి. అయిదుగురికి, నలభై ఇళ్లకు చాలు. మీ సేవ పెరిగి సంస్థగా నమోదైతే గూగుల్ వర్క్‌స్పేస్‌తో (సంస్థల కోసం గూగుల్ అమ్మే ఈమెయిల్ వగైరా సేవలు) వచ్చే వాయిస్ చూడండి. మనిషికి నెలకు 10 డాలర్ల నుంచి మొదలవుతుంది. ఒక బృందం మొత్తానికి ఒకే నంబరు ఇచ్చే రింగ్ గ్రూపు సౌకర్యం మాత్రం 20 డాలర్ల ప్లాన్ నుంచి ఉంటుంది.

చివరగా, కరపత్రం మీదా వాయిస్‌మెయిల్ పలకరింపులోనూ ఒక వాక్యం తప్పనిసరిగా పెట్టండి: ఇది అత్యవసర నంబరు కాదు, ప్రాణం మీదికి వస్తే 911కు చేయండి అని. మీకు కూడా ఒక హెచ్చరిక: ఉచిత గూగుల్ వాయిస్ నుంచి 911 కలవదు. ఎవరి ఇంట్లోనైనా పెద్దావిడ కింద పడిపోయి కనిపిస్తే వాయిస్ యాప్ తెరవకండి, ఫోనులోని మామూలు డయలర్ తెరవండి.

సందేహం: నేను శాన్‌ఫ్రాన్సిస్కోలో నిరాశ్రయుల షెల్టర్‌లో వారాంతాల్లో సాయం చేస్తాను. అక్కడివారి ఫోన్లు పోతుంటాయి, ప్రీపెయిడ్ నంబర్లు మారుతుంటాయి. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినా, పిలుపు వచ్చే సమయానికి ఆ నంబరు పనిచేయదు. వారికి ఇలాంటి నంబరు ఇప్పించవచ్చా?

జవాబు: మీరు అడిగిన ఊళ్లోనే ఈ పని ఒకసారి జరిగింది. గూగుల్ వాయిస్ మొదట గ్రాండ్‌సెంట్రల్ అనే చిన్న కంపెనీ. క్రెయిగ్ వాకర్, విన్సెంట్ పకే దాన్ని స్థాపించారు. 2007 జులైలో గూగుల్ కొనేసింది, 2009 మార్చిలో ఇప్పటి పేరు పెట్టింది. గ్రాండ్‌సెంట్రల్ రోజుల్లోనే వీరు శాన్‌ఫ్రాన్సిస్కోలో నిరాశ్రయులకు ఉచితంగా నంబరు, వాయిస్‌మెయిల్ ఇచ్చే కార్యక్రమం నడిపారు. 2008లో ఊళ్లోని నిరాశ్రయులందరికీ ఇస్తామని నగరంతో కలిసి ప్రకటించారు. ఆలోచన అంతకంటే పాతది. 1991లో సియాటిల్‌లో మొదలైన కమ్యూనిటీ వాయిస్ మెయిల్ కూడా ఇదే పని చేసింది. దరఖాస్తులో ఫోను నంబరు గడి ఖాళీగా ఉంటే ఆ కాగితం ఎక్కడికి పోతుందో అందరికీ తెలిసిందే.

ఇప్పుడు మీరు చేయదలచుకుంటే, ఆ మనిషి చేతిలో ఫోను ఉన్న రోజే చేయండి. నంబరు తీసుకునేటప్పుడు ధ్రువీకరణ కోడ్ ఆ ఫోనుకే వస్తుంది. షెల్టర్ ఫోను ఒక్కటి పెట్టి పదిమందికి తీయడం కుదరదు. ఆ తర్వాత ఫోను పోయినా వాయిస్ నంబరు ఖాతాలోనే ఉంటుంది. లైబ్రరీ కంప్యూటర్‌లో లాగిన్ అయి సందేశాలు వినవచ్చు. కొత్త ఫోను దొరకగానే దాన్ని జోడించి పాతది తీసేయాలి.

అయితే లైబ్రరీ కంప్యూటర్ దగ్గర కూర్చున్నాక గూగుల్, ‘మీ ఫోనుకు కోడ్ పంపాం’ అంటుంది. ఏ ఫోను? పోయిన ఫోనే! చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. ఖాతా తెరిచిన రోజే రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్ తర్వాత కోడ్ కూడా అడిగేది) పెట్టి, ఫోను లేనప్పుడు వాడుకునే బ్యాకప్ కోడ్‌లు తీయించండి. పది కోడ్‌లు వస్తాయి, ఒక్కొక్కటి ఒకసారి పనిచేస్తుంది. కాగితం మీద అచ్చు వేసి గుర్తింపు కార్డుతో పాటు దాచుకోమనండి. వారు ఒప్పుకుంటే ఒక ప్రతిని సీల్ చేసిన కవరులో షెల్టర్‌లో ఉంచండి. ఫోను ఖర్చు భరించలేనివారికి లైఫ్‌లైన్ అనే ప్రభుత్వ పథకం ఉంది. ఫోను లేదా ఇంటర్నెట్ ఖర్చులో నెలకు 9.25 డాలర్ల దాకా తగ్గింపు ఇస్తుంది. ఆ తగ్గింపు, ఈ వాయిస్ నంబరు రెండూ కలిపి చూడండి.

సందేహం: మా సహాయ నంబరు కరపత్రంలో చూశానంటూ ఒకాయన ఫోను చేశారు. మేము నిజమైనవాళ్లమో కాదో తెలుసుకోవడానికి ఆరంకెల కోడ్ పంపాను, చదివి చెప్పండి అన్నారు. చెప్పేశాను. తప్పు చేశానా?

జవాబు: చేశారు, కానీ దిద్దుకోవచ్చు. ఆయన మీ ఫోనును చూపించి తన కోసం ఒక గూగుల్ వాయిస్ నంబరు తీసుకున్నారు. దానితో వేరేవాళ్లను మోసం చేస్తే ఆచూకీ మీ దాకా వస్తుంది. ఈ మోసం గురించి అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడా హెచ్చరించింది. మీరు మీ సొంత ఖాతాలోకి వెళ్లి గూగుల్ వాయిస్‌కు ఇదే ఫోను నంబరును జోడించండి. వేరే ఖాతాలో ఉంది, తీసుకుంటారా అని అడుగుతుంది. తీసుకోండి, ఆయన ఖాతా నుంచి మీ ఫోను ఊడిపోతుంది. కోడ్ పంపిన సందేశంలోనే దాన్ని ఎవరికీ చెప్పవద్దని రాసి ఉంటుంది. మీ తోటివారికి ఆ వాక్యం చదివి వినిపించండి.

సందేహం: ఈ నంబరు నుంచి మా కాలనీలో రెండు వందల మందికి ఒకేసారి సందేశం పంపవచ్చా? తర్వాత వేరే కంపెనీకి మారాలంటే నంబరు పోతుందా?

జవాబు: మొదటిదానికి, కుదరదు. ఇది నలుగురైదుగురు మాట్లాడుకునే నంబరు. మూకుమ్మడి సందేశాలను స్పామ్‌గా లెక్కగట్టి ఆపేస్తారు. బ్యాంకు కోడ్‌లు కూడా దీనికి చాలాసార్లు రావు, కాబట్టి సేవా నిధి ఖాతాకు ఈ నంబరు ఇవ్వకండి. రెండోదానికి, పోదు. గూగుల్ ఇచ్చిన నంబరుకు 3 డాలర్లు కట్టి తాళం తీయించుకుంటే వేరే కంపెనీకి తీసుకెళ్లవచ్చు. నెలల తరబడి ఎవరూ వాడకుండా వదిలేస్తే మాత్రం గూగుల్ వెనక్కి తీసుకుంటుంది. వేసవి సెలవుల్లో అందరూ ఊళ్లకు వెళ్లినా, ఎవరో ఒకరు దాని నుంచి ఒక ఫోను చేస్తూ ఉండండి.