ముల్లు కిందికి దిగితే

అమ్మలూ,

వచ్చే శని, ఆదివారాలు రేసుకు పేరిచ్చావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఆ గొంతులో సగం తిట్లు, సగం గొప్ప. నా సంగతీ అంతే. మొన్నటి ప్రాక్టీసులో ఇంజన్ వేడెక్కిందట, బ్రేకు పెడల్ మెత్తబడిందట, పై ఆర్‌పీఎంలో, అంటే ఇంజన్ జోరుగా తిరిగేటప్పుడు, మంట సరిగా అంటుకోక మిస్ కొట్టిందట. ఇంతా జరిగాక నువ్వు పంపిన మెసేజీ ఏమిటి? "చల్లారాక అన్నీ సర్దుకున్నాయి మామయ్యా." ఆ ఒక్క ముక్క చదివే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. తనంతట తాను పోయిన జబ్బు తనంతట తానే తిరిగొస్తుంది. రేసు కారుకైతే సరిగ్గా నువ్వు ముందు కారును దాటబోయే ల్యాపులో వస్తుంది.

ముందు చిన్నవి చెప్పేస్తాను. జాకీ ఒక్కటే పెట్టి కారు కిందికి దూరకు, స్టాండ్లు వెయ్యి. నిప్పు ఆర్పే సిలిండర్ చెయ్యి చాస్తే అందాలి, దాని గేజీ ముల్లు పచ్చభాగంలో ఉండాలి. చక్రాల నట్లు మాన్యువల్‌లో రాసిన టార్కుకే, అంటే తిప్పే బలానికే, బిగించు. ఒకటి బిగించాక దాని పక్కది కాదు, ఎదుటిది. మొదటి సెషన్ అయ్యాక, చక్రాలు చల్లారనిచ్చి మళ్లీ చూడు. నట్టు విప్పడానికి టార్క్ రెంచి వాడావని తెలిస్తే మాత్రం అక్కడికే వచ్చి మొట్టికాయ వేస్తాను.

బ్రేకు సంగతి. పెడల్ మెత్తబడి, చల్లారాక గట్టిపడిందంటే ఆయిల్ మరిగిందన్నమాట. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. నీ కాలి బలమంతా ఆ బుడగల్ని నలపడానికే సరిపోతుంది. చల్లారాక ఆవిరి మళ్లీ ద్రవమై పెడల్ గట్టిపడుతుంది, కానీ తేమ ఎక్కడికీ పోలేదు. కాబట్టి ఉత్తగా గాలి తీస్తే చాలదు, పాత ఆయిల్ మొత్తం మార్చాలి. సీలు తీయని డబ్బా తెచ్చుకో. పోయినేడు సగం వాడి మూతపెట్టింది పనికిరాదు. చిన్న కారుకు ఒక లీటరు సరిపోతుంది. డాట్ 5.1 అయినా పరవాలేదు, డాట్ 5 మాత్రం వద్దు. అది సిలికాన్, దీనితో కలవదు.

ఆయిల్ మార్చేటప్పుడు కారు లోపల ఒకరు పెడల్ నెమ్మదిగా తొక్కి పట్టుకోవాలి. నువ్వు చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే నిపుల్ పావు చుట్టు తిప్పు, ఆయిల్ వచ్చాక బిగించు, "వదులు" అన్నాకే వాళ్లు కాలు తీయాలి. ఈ వరస తప్పితే బయటి గాలి లోపలికి పోతుంది. పైన డబ్బా ఎప్పుడూ ఖాళీ కానివ్వకు. అంతా అయ్యాక పెడల్ ఒకే బలంతో అరనిమిషం తొక్కి పట్టు. మెల్లగా కిందికి జారిపోతుంటే, బయట ఎక్కడా కారకపోతే, పెడల్ బలాన్ని ఆయిల్‌కు అందించే మాస్టర్ సిలిండర్ లోపలి సీలు పోయినట్టే. ప్యాడ్లు సగానికి అరిగి ఉంటే ఇప్పుడే మార్చు. పలచబడ్డ ప్యాడ్ వేడిని ఆపలేక నేరుగా ఆయిల్‌కు అందిస్తుంది. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే అది వేరే జబ్బు, ప్యాడ్లు వాటి హద్దు దాటి వేడెక్కాయని. సెషన్ అయ్యాక పిట్‌లో హ్యాండ్ బ్రేకు లాగకు, చక్రం కింద అడ్డు పెట్టు.

ఇక అసలు సంగతి. నీకు తెలియని నా పాత తప్పు ఒకటుంది. ఒక సిలిండర్ హెడ్డు, అంటే ఇంజన్ పైభాగం, ఒక సీజన్ దానికి బలయ్యాయి. ఆ కథంతా చెప్పను, తప్పు ఎలా జరుగుతుందో చెబుతాను. జరిగేటప్పుడు అది తప్పులా కనిపించదు, అదే దాని మాయ.

ల్యాపులు తిరుగుతుంటే టెంపరేచర్ ముల్లు ఎక్కుతుంది. ఎర్రగీత దగ్గరికి వస్తుంది. నువ్వు కాస్త తగ్గిస్తావు, పై గేరులో నడుపుతావు, ముందు కారు వెనకనుంచి పక్కకు తప్పుకొని రేడియేటర్‌కు గాలి తగలనిస్తావు. ఇంతవరకూ సబబే. అప్పుడు ముల్లు ఉన్నట్టుండి దిగుతుంది. "హమ్మయ్య" అనుకొని మళ్లీ తొక్కుతావు. కొంప మునిగేది అక్కడే. సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. హోస్ పగిలో, క్లిప్పు జారో నీళ్లు పోయాయంటే సెన్సర్ చుట్టూ మిగిలేది ఆవిరీ గాలీ. అవి నీళ్లలాగా వేడిని దానికి అందించలేవు. కాబట్టి ఇంజన్ కాలిపోతుంటే ముల్లు చల్లగా ఉన్నట్టు చూపిస్తుంది. పైగా అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఇంజన్ కింది భాగమైన ఇనప బ్లాకు మీద బోల్టులతో బిగిసిన అల్యూమినియం హెడ్డుకు సాగే దారి లేక వంకర పోతుంది, రెంటి మధ్య ఉండే గ్యాస్కెట్ నలుగుతుంది. నీకు చప్పుడు వినబడేసరికి చేయగలిగింది ఏమీ మిగలదు.

అందుకని ముల్లు మెల్లగా ఎక్కితే వేగం తగ్గించి పిట్‌కు రా. ఒక్కసారిగా దిగితే క్లచ్ తొక్కు, ఇంజన్ ఆపు, ఉన్న వేగంతోనే రేసింగ్ లైను వదిలి మార్షల్స్ ఉన్నచోట పక్కకు తీసుకో. ఇంకా రెండు ల్యాపులే ఉన్నా సరే, మూడో స్థానంలో ఉన్నా సరే. వీలైతే కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు) ప్రెషర్‌కు ఒక స్విచ్చి పెట్టి, కళ్లెదురుగా పెద్ద ఎర్రలైటు కట్టు. నీళ్లు పోవడం మొదలవగానే ముందు పడిపోయేది ప్రెషరే, టెంపరేచర్ తరవాతే స్పందిస్తుంది.

మరి నీ కారు ఎందుకు వేడెక్కింది? నిలబడినప్పుడు వేడెక్కి, పరుగులో చల్లబడితే ఫ్యాన్‌నో దాని రిలేనో అనుమానించు. పరుగులోనే వేడెక్కితే రేడియేటర్ రెక్కల్లో మట్టి, నీళ్లను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్, పంపు పీల్పుకు ముడుచుకుపోయే కింది హోస్ చూడు. బంపర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులున్నా గాలి లోపలికి పోకుండా పక్కనుంచి జారిపోతుంది, వాటిని రేకుతో మూసెయ్. రేడియేటర్ మూత మాత్రం ఆలోచించకుండా మార్చు. మంచి మూత ఒక బార్ ఒత్తిడి పట్టి ఉంచితే నీళ్లు 120 డిగ్రీల దగ్గర గానీ మరగవు. స్ప్రింగు నీరసపడితే నూరుకే మరుగుతాయి. మొత్తం వ్యవస్థలో అన్నిటికన్నా చవకైన భాగం అదే, అందరూ ఆఖరున చూసేదీ అదే. వేడిగా ఉన్నప్పుడు మాత్రం దాన్ని ముట్టుకోకు.

తరవాత చల్లటి ఇంజన్ మీద, మూత ఉండే చోట గాలి ఒత్తిడి ఎక్కించే ప్రెషర్ పంపు పెట్టి, మూత మీద రాసిన అంకె దాకా ఎక్కించి, పది నిమిషాలు ఆగు. పడిపోకూడదు. పడిపోయి బయట తడి కనిపించకపోతే ఆ నీళ్లు సిలిండర్లోకి పోతున్నాయేమో చూడాలి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోస్ రాయిలా బిగుసుకుంటే సిలిండర్లోని గ్యాసు నీళ్లలోకి వస్తోందని గుర్తు. కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి, చూసినప్పుడు పక్కపక్క సిలిండర్లు రెండూ తక్కువ చూపితే వాటి మధ్య గ్యాస్కెట్ పోయినట్టే. ఇంజన్ ఆయిల్ మూత కింద తెల్లటి నురగ చూసి బెదిరిపోకు, ఇంజన్ పూర్తిగా వేడెక్కకుండా ఆపేసినా అక్కడ తేమ పడుతుంది. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీద కూడా అలాగే ఉంటే భయపడు.

హెడ్డు విప్పాల్సే వస్తే ఈ వారం రేసు మరిచిపో. ట్రాక్ పక్కన, రాత్రిపూట చేసే పని కాదది. హెడ్డు వంకర కొలవాలి, హద్దు చాలా మాన్యువల్స్‌లో 0.05 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. బోల్టు రంధ్రాల్లో నీళ్లో ఆయిలో మిగిలితే బిగించేటప్పుడు ఆ ఒత్తిడికి బ్లాకే పగలొచ్చు. బిగించేటప్పుడు సాగే రకం బోల్టులైతే కొత్తవే వెయ్యాలి. మధ్యనుంచి బయటికి, మాన్యువల్ చెప్పిన మెట్ల ప్రకారం బిగించాలి. ఇవన్నీ నిద్రమత్తులో కుదరవు.

నీళ్లు నింపేటప్పుడు ముందు భాగం ఎత్తి, హీటర్ వేడివైపు తిప్పి, మెల్లగా పొయ్యి. లోపల గాలి మిగిలితే మొదటికొస్తుంది. కొన్ని ట్రాకులు గ్లైకాల్ ఉన్న కూలెంట్ ఒప్పుకోవు, రోడ్డు మీద పడితే జారుడు కాబట్టి. ఆ నియమాలు ముందే చదువు.

మిస్ కొట్టడం గురించి ఒకటే షరతు: ఒకసారికి ఒక్కటే మార్చు. నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులు, వాటికి కరెంటు ఇచ్చే కాయిల్, పెట్రోలు ఫిల్టర్ ఒకేసారి మారిస్తే బాగుపడినా దేనివల్లో తెలియదు. ఒకటో సిలిండర్ కాయిల్ మూడోదానికి మార్చు. మిస్ కూడా దానితోపాటు మూడుకు వెళితే కాయిలే దోషి. మలుపుల్లోనే కొడుతూ ట్యాంకు పావుకన్నా తక్కువ ఉంటే పెట్రోలు పక్కకు పోయి పంపుకు అందడం లేదు. నేరుగా పోతున్నప్పుడు ఆర్‌పీఎం పైకి ఎక్కేకొద్దీ కొడితే ఫిల్టర్, పంపు, ప్లగ్గు గ్యాప్. వేడిమీద ఆగిపోయి, ఇరవై నిమిషాలకు ఏమీ ఎరగనట్టు స్టార్టయితే ఇంజన్ తిరుగుడును పసిగట్టే క్రాంక్ సెన్సర్‌ను అనుమానించు. ఎర్త్ తీగ కూడా చూడు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ మైనస్‌కూ ఇంజన్ బ్లాకుకూ మధ్య మీటర్ అర వోల్టు దాటితే ఎర్త్ సరిగా లేదు.

నాకు వీటన్నిటికన్నా భయం శనివారం రాత్రి. బోల్టు చేత్తో పట్టించి, పానా అందుకునేలోపు ఎవరో పిలుస్తారు. తిరిగొచ్చి పక్క బోల్టు మొదలుపెడతావు. నీ తప్పేం లేదు, అలిసిన బుర్ర అలాగే పనిచేస్తుంది. అందుకే బిగించిన ప్రతి బోల్టు మీదా తెల్లపెయింటుతో అడ్డగీత గియ్యి. గీత లేని బోల్టు బిగించనట్టే లెక్క. పొద్దున నీ స్నేహితుడు జాబితా పైకి చదవాలి, నువ్వు ప్రతిదీ ముట్టుకొని "ఉంది" అనాలి. చిన్నప్పుడు నా డబ్బాలో వాషర్లన్నీ సైజులవారీగా పేర్చి, ఒక్కటి తగ్గినా లెక్క చెప్పేదానివి. ఆ పిల్లే ఆ రోజు కారు పక్కన ఉండాలి.

శుక్రవారం సాయంత్రం ప్రెషర్ పంపు పెట్టాక, పది నిమిషాలకు దాని ముల్లు ఎక్కడుందో ఫోటో తీసి నాకు పంపు. మీ అమ్మకు పంపకు, దానికి ముల్లు ఎక్కడున్నా భయమే.

మీ మామయ్య