బస్సులో అందరి కాళ్లూ కనబడుతున్నాయి

ప్రశ్న: మేం మారతహళ్లిలో ఉంటాం. మొన్న ఆదివారం ప్యాలెస్ రోడ్డులోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కి వెళ్తే, ఒక పెయింటింగ్ ముందు మావారు “ఇది మన పాప వేసినట్టే ఉందే!” అని నవ్వారు. పాపకి ఏడేళ్లు. బస్సు వేస్తే లోపల కూర్చున్నవాళ్ల కాళ్లు కూడా బయటికి కనబడతాయి. కండక్టరేమో డ్రైవరుకి రెండింతలు. డ్రాయింగ్ క్లాసులో తప్పన్నారు. దిద్దించాలా? అలాంటిదే పెద్దవాళ్లు వేస్తే ఆర్ట్ ఎలా అవుతుంది? బొమ్మ ఫొటో పంపుతున్నాను.

– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: దిద్దించకండమ్మా. ఫొటోలో ఏడు జతల కాళ్లు లెక్కపెట్టాను. ఒక కాలికి చెప్పు లేదు. అదెవరిదో ముందు పాపని అడగండి.

రేకు అడ్డమున్నా లోపల కాళ్లుంటాయని పాపకి తెలుసు, వేసింది. పిల్లలు కంటికి కనబడేదాని కంటే తమకి తెలిసిందే గీస్తారని ఫ్రాన్స్‌లో లూకే అనే ఆయన 1927లోనే పుస్తకం రాశాడు. ఇక కండక్టరంటారా, “ముందె హోగి” (ముందుకెళ్లండి) అని బస్సంతా వినబడేది ఆయన గొంతే కదా!

నేనూ డ్రాయింగ్ మాస్టారినే. ఒక కుర్రాడు ఇల్లు వేసి, గోడలోంచి కుండలో అన్నం కూడా కనబడేట్టు వేస్తే రబ్బరిచ్చి చెరిపించాను. ఆ ఏడాదంతా వాడు స్కేలుతో రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, అంతే.

మీవారి మాటకొస్తే, పాల్ క్లే అనే పేరున్న చిత్రకారుడు 1911లో తన బొమ్మలకి జాబితా రాసుకుంటూ చిన్నప్పుడు గీసినవి కూడా అందులో చేర్చాడు. మ్యూనిక్‌లో చదువుకున్న మనిషి, ఉన్నదున్నట్టు గీయడం రాక కాదు. అలా వేసినవన్నీ ముద్దుగా ఉంటాయనీ అనుకోకండి. 1949లో కారెల్ ఆపెల్ అనే డచ్ చిత్రకారుడు ఆమ్‌స్టర్‌డామ్ సిటీహాల్ క్యాంటీన్ గోడ మీద, యుద్ధం తర్వాత జర్మనీలో అడుక్కుంటూ కనబడ్డ పిల్లల్ని గుండ్రటి కళ్లేసుకుని చూస్తున్నట్టు వేశాడు. ముద్ద దిగడం లేదని ఉద్యోగులు గొడవ చేస్తే గోడ కప్పేశారు, పదేళ్ల దాకా.

అన్నీ అలా ఉండవు లెండి. జనవరిలో, రోడ్డు మీద బొమ్మలు పెట్టి అమ్మే చిత్ర సంతెకి వెళ్తే, పనిగట్టుకుని వంకరగా గీసినవి కుమార కృపా రోడ్డు పొడుగునా కనబడతాయి. గీసినవాడికి బస్సులో ఎవరున్నారో పట్టలేదు.

క్లాసులో మార్కులు పోతే పోనివ్వండి. బొమ్మ వెనక తేదీ వేసి, ఆ చెప్పులేని కాలు గురించి పాప ఏం చెబితే అది రాసి ఉంచండి. ఎవరిదో నాకూ ఒక ముక్క రాయండి.