సంతకాలయ్యాక వేడుక ఎందుకు?

ప్రశ్న: మాది రిజిస్టర్ పెళ్లి. సంతకాలు పెట్టి వచ్చేశాం. ఇప్పుడు అమ్మ నలుగురిని పిలిచి వేడుక చేయాలంటోంది. చట్టప్రకారం భార్యాభర్తలమయ్యాక మళ్లీ ఈ తంతు అవసరమాండీ?

జవాబు: స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ (మతాచారంతో పని లేకుండా అధికారి ముందే పెళ్లి జరిపే చట్టం) కింద జరిగిందైతే మీ పెళ్లి చెల్లుతుంది, ఆ టెన్షన్ వద్దు. అయితే ఆ సంతకాలు కూడా ఒక చిన్న వేడుకే అని గమనించారా? వివాహ సమ్మతిపై ఐక్యరాజ్యసమితి 1962లో ఆమోదించిన ఒప్పందం మొదటి అధికరణంలోనే ఒక మాట ఉంది. ముందుగా అందరికీ తెలియజేసి, అధికారి ముందు, సాక్షుల ఎదుట, ఇద్దరూ స్వయంగా తమ ఇష్టాన్ని చెప్పాలి. గుట్టుగా జరిగే పెళ్లిలో ‘నాకిష్టం లేదు’ అన్నా వినేవాళ్లుండరు కదా!

మాదీ సంతకాల పెళ్లే. ఆరు నెలల తర్వాత మా అత్తగారు పన్నెండు మందిని కూర్చోబెట్టి, ఒకరికొకరు ఏం మాట ఇస్తున్నారో పైకి చెప్పమన్నారు. సంతకం పెట్టినప్పుడు వణకని నా గొంతు అప్పుడు వణికింది. నాలుగేళ్లకు మా ఇద్దరికీ పెద్ద గొడవైంది. మేం మాటిచ్చిన రోజు అక్కడున్న మా పెద్దమ్మ వచ్చి, ఏమీ అనకుండా సాయంత్రం దాకా మాతో కూర్చుంది. మేమిచ్చిన మాట ఆవిడ విన్నదని ఇద్దరికీ గుర్తుంది. అది మమ్మల్ని ఆపింది.

అప్పు చేసి మాత్రం ఏదీ చేయకండి. ఎవరెవరు ఉంటే తృప్తిగా ఉంటుందో అమ్మను అడగండి. ఆ జాబితా మీరనుకున్న దానికన్నా చిన్నదే కావచ్చు.