కడప మీద పరీక్షించకు

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. సర్వర్ మీద వెబ్ మ్యాపును బొమ్మగా మార్చడం గురించి తెలుగులో రాయాలనుకున్నావు, అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను. మొదటి పేజీన్నర కొట్టేయ్. గూగుల్ మ్యాప్స్ 2005లో వచ్చిందనీ, లీఫ్‌లెట్ అనే మ్యాపుల లైబ్రరీ 2011లో వచ్చిందనీ తెలుసుకోవడానికి ఎవరూ నీ దగ్గరికి రారు. ఈమెయిల్లో జావాస్క్రిప్ట్ నడవదు, అచ్చు కాగితం మీద అసలే నడవదు. అక్కడ మ్యాపు పెట్టాల్సి వచ్చి తల పట్టుకున్నవాడు వస్తాడు. వాడి కోసం రాయి.

టైల్స్ (మ్యాపును కోసిన చదరపు ముక్కలు) దగ్గర "ప్రపంచాన్ని చతురస్రాలుగా విభజిస్తారు" అని వదిలేశావు. ఒక ఊరు తీసుకుని లెక్క చూపించు. విజయవాడ రేఖాంశం 80.648, అక్షాంశం 16.506 అనుకో. జూమ్ 12లో ప్రపంచం అడ్డంగా 4096 టైల్స్, నిలువుగా కూడా అంతే. సున్నా నుంచి లెక్కపెడితే విజయవాడ అడ్డంగా 2965, నిలువుగా 1857 నంబరు టైల్లో పడుతుంది. ఒక్కో టైల్ 256 బై 256 పిక్సెళ్లు. ఊరు మధ్యలో ఉండేలా 800 బై 400 బొమ్మ కావాలంటే అడ్డంగా 4, నిలువుగా 3, మొత్తం 12 టైల్స్ తెచ్చి అతికించి అంచులు కత్తిరించాలి. చదివేవాడు కాగితం మీద తనే వేసి చూసుకుంటాడు. అన్నట్టు, బ్రౌజర్‌లో మ్యాపు గీసే లైబ్రరీ మ్యాప్‌లిబ్రెలో ఇదే బొమ్మకి జూమ్ 11 ఇవ్వాలి, దాని లెక్క 512 పిక్సెళ్ల టైల్‌తో మొదలవుతుంది. ఆ ఒక్క అంకె దగ్గర నాకు ఒక పూటంతా పోయింది.

"పేజీ లోడ్ అయ్యాక స్క్రీన్‌షాట్ తీయాలి" అని ఒక్క వాక్యంలో దాటేశావు చూడు, అసలు వ్యాసం అక్కడుంది. లోడ్ అయిందని ఎవరు చెప్పాలి?

ఒకప్పుడు నేను పనిచేసిన చోట తుఫాను రోజుల్లో ఎక్కడ నీళ్లు నిలిచాయో చూపే నివేదిక ఒకటి పొద్దున్నే వెళ్లేది. హెడ్‌లెస్ క్రోమ్‌లో, అంటే తెర లేకుండా నడిచే బ్రౌజర్‌లో, మ్యాపు తెరిచి, మూడు సెకన్లు ఆగి, ఫొటో తీసేవాళ్లం. మూడే ఎందుకంటే, నా లాప్‌టాప్‌లో సరిపోయింది గనక. ఒకరోజు సర్వర్ నెమ్మదించింది. బొమ్మలో కుడివైపు రెండు టైల్స్ రాలేదు, బూడిదరంగు గళ్లు మిగిలాయి. ఎర్రర్ లేదు, లాగ్‌లో అంతా ఓకే. చదివినాయన ఫోన్ చేసి "ఆ గళ్లలో నీళ్లు లేవనేగా అర్థం?" అని అడిగాడు. నాకు చెమటలు పట్టాయి. మాటల్లో ఖాళీ వస్తే ఏదో తప్పిపోయిందని తెలుస్తుంది. మ్యాపులో ఖాళీని చూసి అక్కడ ఏమీ లేదనుకుంటారు.

తర్వాత తెలిసింది, మ్యాప్‌లిబ్రెలో 'ఐడిల్' అనే ఈవెంట్ (మ్యాపు మన కోడ్‌కి పంపే కబురు) ఉందని. అడిగిన టైల్స్ వచ్చి, గీయడం, యానిమేషన్ అన్నీ అయ్యాక అది మోగుతుంది. నెట్‌వర్క్ సద్దుమణిగితే చాలనుకోకు, టైల్ దిగడం వేరు, గీయడం వేరు. ఐడిల్‌నీ పూర్తిగా నమ్మకు. టైల్ తేలేక చేతులెత్తేసినా దాని లెక్కలో పని అయిపోయినట్టే. కాబట్టి 'ఎర్రర్' ఈవెంట్ కూడా వినాలి, ఒక్క టైల్ తప్పినా బొమ్మ ఆపేయాలి. బొమ్మ లేకుండా నివేదిక పంపితే తిట్లు పడతాయి. పడనీ.

ఇక తెలుగు పేర్లు. ఇది నువ్వు రాయకపోతే ఇంకెవరు రాస్తారు? సర్వర్‌లో ప్రోగ్రాం నడిపే డాకర్ పెట్టెలో తెలుగు ఫాంట్ లేకపోతే బ్రౌజర్ రాసే పేర్ల బదులు డబ్బాలు వస్తాయి, నోటో ఫాంట్లు ఎక్కిస్తే అది తీరుతుంది. రెండో చిక్కు అంత తేలిగ్గా దొరకదు. నేను వాడిన మ్యాప్‌లిబ్రె ఒక్కో యూనికోడ్ సంకేతానికి ఒక్కో అక్షరం బొమ్మ తెచ్చి వరసగా పేర్చేది, ఒత్తులు కలపడం దానికి వచ్చేది కాదు. నేను కడప మీద పరీక్షించి సంబరపడ్డాను. కడపలో గుణింతమూ లేదు, ఒత్తూ లేదు, తప్పు బయటపడేదెలా? శ్రీకాకుళం దగ్గర పరువు పోయింది. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం దేనికవి విడిపోయి నిలబడ్డాయి. మచిలీపట్నంలో 'ట్న' కూడా అంతే. చివరికి పేర్లున్న పొరను సర్వర్ మీదే మ్యాపులు గీసే మ్యాప్నిక్‌తో గీయించాం, అది అక్షరాలు కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ సాయంతో ఒత్తుల్ని సరిగ్గా కూరుస్తుంది.

ఇంకొకటి, నీ కోడ్ కాన్వాస్‌ను, అంటే పేజీలో మ్యాపు గీసే పలకను, మాత్రమే ఫొటో తీస్తోంది. మూలన ఉండే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పేరు (మ్యాపు సమాచారం వాళ్లదే) కాన్వాస్‌లో ఉండదు, హెచ్‌టీఎంఎల్‌గా దానిపైన కూర్చుంటుంది. నీ బొమ్మలో అది ఎగిరిపోయింది. ఆ పేరు వేయాలన్నది వాళ్ల లైసెన్సు షరతు, బొమ్మ మీద మళ్లీ రాయించు.

సరే, శ్రీకాకుళం, మచిలీపట్నం రెండూ కనిపించేలా ఒక బొమ్మ తీసి పంపు. పాడైపోయి వస్తే దిద్దకుండా అలాగే పంపు, వ్యాసం దాంతోనే మొదలుపెడదాం.

అక్క