వంద శతకాల రికార్డు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

2025 డిసెంబరు 6న విశాఖపట్నం పీఎం పాలెం స్టేడియంలో దక్షిణాఫ్రికాపై భారత్ మూడో వన్డే గెలిచిన నాటి నుంచి మాకు వస్తున్న ఉత్తరాల్లో చాలావరకు శతకాల గురించే ఉంటున్నాయి. అంతకు ముందు రాంచీలో 135, రాయ్‌పూర్‌లో 102 పరుగులు చేసిన విరాట్ కోహ్లీ విశాఖలో 65 పరుగులతో అజేయంగా ఉండగానే లక్ష్యం పూర్తయింది. వరుసగా మూడో శతకం చూడాలని వెళ్లిన ప్రేక్షకులకు ఆ రోజు యశస్వి జైస్వాల్ తొలి వన్డే శతకం చూసే అవకాశం దక్కింది. సచిన్ టెండూల్కర్ నెలకొల్పిన వంద అంతర్జాతీయ శతకాల రికార్డు గురించి విశాఖపట్నం, పరిసర ప్రాంతాల పాఠకులు అడిగిన ప్రశ్నల్లో కొన్నింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: కోహ్లీ వంద శతకాలు పూర్తి చేయగలడా? మా ఇంట్లో దీనిపై రోజూ వాదన జరుగుతోంది. (ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: చేయగలిగితే ఎంతో సంతోషించే వారిలో మేమూ ఉన్నాము, కానీ లెక్క అందుకు అనుకూలంగా లేదు. 2025 డిసెంబరు నాటికి కోహ్లీ ఖాతాలో 84 శతకాలు ఉన్నాయి. వాటిలో 53 వన్డేల్లో, 30 టెస్టుల్లో, ఒకటి టీ20ల్లో వచ్చాయి. 2024 జూన్‌లో టీ20ల నుంచి, 2025 మేలో టెస్టుల నుంచి అతడు తప్పుకున్నాడు కాబట్టి వందకు అప్పటికి మిగిలిన 16 శతకాలూ వన్డేల్లోనే రావాలి. నైపుణ్యం విషయంలో సందేహం అక్కర్లేదు. సచిన్ 49 వన్డే శతకాలకు 452 ఇన్నింగ్స్ ఆడగా, కోహ్లీ 2023 నవంబరు 15న వాంఖడేలో న్యూజిలాండ్‌పై చేసిన 50వ శతకం అతడి 279వ ఇన్నింగ్స్‌లోనే వచ్చింది. అసలు కొరత మ్యాచ్‌లది. 1998లో సచిన్ ఒక్క ఏడాదిలోనే 34 వన్డేలు ఆడి తొమ్మిది శతకాలు చేశాడు. 2024 సంవత్సరం మొత్తంలో భారత జట్టు ఆడిన వన్డేలు మూడంటే మూడు. ఎంత గొప్ప బ్యాటర్ అయినా జరగని మ్యాచ్‌లో శతకం చేయలేడు.

సచిన్ రికార్డు బలం ఇక్కడే ఉందని మా అభిప్రాయం. 1989 నవంబరులో కరాచీలో మొదలై 2013 నవంబరులో ముంబయిలో ముగిసిన ప్రస్థానంలో అతడు 200 టెస్టులు, 463 వన్డేలు ఆడి, 51 టెస్టు శతకాలు, 49 వన్డే శతకాలు చేశాడు. రెండు రకాల ఆటలూ నిండుగా సాగిన రోజుల్లో, రెండింటిలోనూ ఇంచుమించు సమానంగా, ఇరవై నాలుగేళ్ల పాటు శరీరాన్నీ మనసునూ నిలబెట్టుకున్న ఆటగాడికే సాధ్యమైన సంఖ్య అది. టీ20లు అందులో లేనే లేవు, ఎందుకంటే సచిన్ భారత్ తరఫున ఆడిన టీ20 ఒక్కటే. నేటి కుర్రాళ్లలో ఎవరికి ఎంత ప్రతిభ ఉన్నా, మ్యాచ్‌ల పట్టిక మాత్రం ఆనాటిలా లేదు.

ప్రశ్న: సచిన్ సెంచరీ కొడితే ఇండియా ఓడిపోతుందని మా ఆఫీసులో ఒక సహోద్యోగి ఎప్పుడూ అంటుంటారు. ఇందులో నిజమెంత? (గాజువాక నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: ఈ మాట చాలా కాలంగా చలామణీలో ఉంది, ఇది సచిన్‌కు చేస్తున్న అన్యాయమని మేము గట్టిగా నమ్ముతున్నాము. వంద శతకాల మ్యాచ్‌లలో భారత్ 53 గెలిచింది, 25 ఓడింది, 20 టెస్టులు డ్రా అయ్యాయి, ఒక మ్యాచ్ టై అయింది, ఒక మ్యాచ్ ఫలితం తేలలేదు. వన్డేలనే తీసుకుంటే 49 శతకాల్లో 33 గెలుపుతో ముగిశాయి. అంటే ఓటముల కన్నా గెలుపులు రెండింతల కంటే ఎక్కువ.

అయినా ఆ మాట ఎందుకు నిలిచిపోయిందో ఊహించడం కష్టం కాదు. మనసులో గాఢంగా ముద్రపడిన శతకాల్లో కొన్ని ఓటమితో ముడిపడి ఉన్నాయి. 2009 నవంబరు 5న హైదరాబాద్ ఉప్పల్‌లో ఆస్ట్రేలియాపై సచిన్ 175 పరుగులు చేస్తే, భారత్ మూడు పరుగుల తేడాతో ఓడింది. ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్న తెలుగువారెవరూ దాన్ని మరచిపోలేదు. 2011 మార్చి 12న నాగ్‌పూర్‌లో దక్షిణాఫ్రికాపై వచ్చిన 99వ శతకమూ ఓటమిలోనే కలిసిపోయింది, 2012 మార్చి 16న ఢాకా శివారులోని మీర్పూర్‌లో బంగ్లాదేశ్‌పై 114 పరుగులతో పూర్తయిన నూరవ శతకమూ అంతే. కానీ అదే హైదరాబాద్‌లో 1999 నవంబరు 8న లాల్ బహదూర్ స్టేడియంలో న్యూజిలాండ్‌పై అతడు 186 పరుగులతో అజేయంగా నిలిచి, రాహుల్ ద్రవిడ్‌తో కలిసి 331 పరుగులు జోడించి గెలిపించిన సంగతిని మీ సహోద్యోగికి గుర్తు చేయండి. ఉప్పల్‌లో 351 పరుగుల లక్ష్యం వెంటపడినప్పుడు 175 చేసిన బ్యాటర్‌ను ఓటమికి బాధ్యుణ్ణి చేయడం మాకు ఏ విధంగానూ న్యాయంగా కనిపించదు.

ప్రశ్న: డబుల్ సెంచరీ చేస్తే రెండు శతకాలుగా లెక్కిస్తారా? ఐపీఎల్, రంజీ శతకాలు ఈ వందలో ఉన్నాయా? (సీతమ్మధార నుంచి ఒక విద్యార్థిని)

సమాధానం: లేదు. ఒక ఇన్నింగ్స్‌లో 100 చేసినా, 2010 ఫిబ్రవరి 24న గ్వాలియర్‌లో సచిన్ చేసినట్టు 200 చేసినా లెక్కలో అది ఒక్క శతకమే. దేశం తరఫున ఆడిన టెస్టులు, వన్డేలు, అంతర్జాతీయ టీ20లు మాత్రమే ఈ జాబితాలోకి వస్తాయి కాబట్టి ఐపీఎల్, రంజీ శతకాలను వేరుగా చూడాలి.

ప్రశ్న: మన విశాఖలో సచిన్ శతకం ఎప్పుడైనా చేశాడా? ఇక్కడ శతకాలు చేసినవారెవరు? (మధురవాడ నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: విశాఖలో సచిన్ శతకం ఒక్కటీ లేదు. 1994 నవంబరులో ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో వెస్టిండీస్‌పై 54, 2001 ఏప్రిల్‌లో అక్కడే ఆస్ట్రేలియాపై 62 పరుగులు చేశాడు. పీఎం పాలెంలో జరిగిన తొలి అంతర్జాతీయ మ్యాచ్‌లో, అంటే 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్‌పై, రెండు పరుగులకే రనౌట్ అయ్యాడు. ఆ రోజు మూడో స్థానంలో బ్యాటింగ్‌కు పంపిన మహేంద్ర సింగ్ ధోనీ తన ఐదో వన్డేలోనే 123 బంతుల్లో 148 పరుగులు చేసి, అప్పటిదాకా పెద్దగా ఎవరికీ తెలియని తన పేరును దేశమంతటా మారుమోగించాడు.

విశాఖలో తొలి అంతర్జాతీయ శతకం నవజ్యోత్ సింగ్ సిద్ధూది. పైన చెప్పిన 1994 మ్యాచ్‌లో అతడు 114 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు. సచిన్ శతకాల కథలోనూ సిద్ధూకు ఒక పాత్ర ఉండటం వల్ల ఇక్కడ కొంచెం ఆగుతున్నాము. మిడిల్ ఆర్డర్‌లో ఆడిన తొలి నాళ్లలో సచిన్‌కు వన్డే శతకమే లేదు. 1994 మార్చి 27న ఆక్లాండ్‌లో మెడ పట్టేసి సిద్ధూ ఆడలేకపోవడంతో ఓపెనర్‌గా దిగిన సచిన్ 49 బంతుల్లో 82 పరుగులు చేశాడు. అదే ఏడాది సెప్టెంబరు 9న కొలంబోలో ఆస్ట్రేలియాపై తొలి వన్డే శతకం వచ్చింది. అది అతడి 79వ వన్డే. టెస్టుల్లోనైతే తొలి శతకం 1990 ఆగస్టులో, పదిహేడేళ్ల వయసులోనే, మాంచెస్టర్‌లో వచ్చేసింది. బ్యాటింగ్ స్థానం మారకపోతే ఆ 49 ఎక్కడ ఆగేదో చెప్పడం కష్టం.

ఇక విశాఖతో అందరికన్నా గట్టి అనుబంధం కోహ్లీది. ఇక్కడ 2010లో ఆస్ట్రేలియాపై 118, 2011లో వెస్టిండీస్‌పై 117 పరుగులు చేశాడు. ఆ రెండూ ఛేదనలో గెలిపించిన శతకాలే. 2018 అక్టోబరు 24న వెస్టిండీస్‌పై 157 పరుగులతో అజేయంగా నిలుస్తూ, 205వ ఇన్నింగ్స్‌లోనే పది వేల వన్డే పరుగులు దాటాడు. ఇరు జట్లూ 321 పరుగులే చేయడంతో ఆ మ్యాచ్ టై అయింది. 2016 నవంబరులో విశాఖ తొలి టెస్టుకు వేదికైనప్పుడు ఇంగ్లండ్‌పై 167 పరుగులు చేసిందీ అతడే. రోహిత్ శర్మ 2019 అక్టోబరులో టెస్టుల్లో తొలిసారి ఓపెనర్‌గా దిగి ఇక్కడే 176, 127 పరుగులు చేశాడు, రెండు నెలల తర్వాత వెస్టిండీస్‌పై వన్డేలో 159 సాధించాడు. 2024 ఫిబ్రవరిలో జైస్వాల్ చేసిన 209ని ఈ తరం ప్రేక్షకులకు మేము గుర్తు చేయనవసరం లేదు.

ప్రశ్న: 52 టెస్టుల్లోనే 29 శతకాలు చేసిన ఆస్ట్రేలియా బ్యాటర్ బ్రాడ్‌మన్ ముందు వంద శతకాల మాట ఎత్తడం సబబేనా? (భీమునిపట్నం నుంచి విశ్రాంత ఉపాధ్యాయుడు)

సమాధానం: మాస్టారూ, శతకాల వేగంలో బ్రాడ్‌మన్‌కు సాటి వచ్చేవారు ఇంతవరకు లేరు. 80 ఇన్నింగ్స్‌లో 29 శతకాలంటే మూడు ఇన్నింగ్స్‌కు ఒకటి కన్నా ఎక్కువే. సచిన్ 329 ఇన్నింగ్స్ ఆడి 51 టెస్టు శతకాలు చేశాడు. యుద్ధం వల్ల ఎనిమిదేళ్లు టెస్టులు ఆడలేకపోయినా బ్రాడ్‌మన్ ఈ సంఖ్య సాధించాడు, 1947-48లో మన జట్టుపైనే నాలుగు శతకాలు చేశాడు. అయితే అతడి టెస్టులన్నీ ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ గడ్డలపైనే జరిగాయి, ప్రపంచంలో తొలి అంతర్జాతీయ వన్డే జరిగేనాటికి అతడు చివరి టెస్టు ఆడి ఇరవై రెండేళ్లు దాటింది. బ్రాడ్‌మన్ గొప్పదనం వేగంలో ఉంది, సచిన్ గొప్పదనం ఓర్పులో ఉంది. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని తక్కువ చేయాల్సిన పని లేదని మా మనవి.

ప్రశ్న: తొంభై దాటాక బ్యాటర్లు ఎందుకంత తడబడతారు? (పెందుర్తి నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: తొంభైల్లో చిక్కుకోవడం సచిన్‌కూ తప్పలేదు. రెండు ఫార్మాట్లలో కలిపి 28 సార్లు అతడి స్కోరు 90, 99 మధ్య ఆగిపోయింది. 2007లో ఒక్క ఏడాదిలోనే వన్డేల్లో మూడుసార్లు 99 వద్ద ఔటయ్యాడు. 99వ శతకానికీ నూరవ శతకానికీ మధ్య గడిచిన ఏడాదిలో ఓవల్‌లో 91, వాంఖడేలో 94 వద్ద వెనుదిరిగాడు. దేశమంతా ఒక అంకె కోసం ఎదురుచూస్తుంటే సహజంగా ఆడటం ఎంత కష్టమో ఆ ఏడాది చూసినవారికి తెలుసు. 2013 నవంబరులో విశాఖలో కోహ్లీ 99 వద్ద ఔటైనప్పుడు స్టేడియంలో ఉన్న మా పాఠకులు కొందరు ఆ బాధను ఇప్పటికీ ఉత్తరాల్లో రాస్తుంటారు.

తొంభైల కష్టాన్ని చూడాలంటే మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో ఆడిన ఇన్నింగ్స్‌ను మళ్లీ చూడండి. అతడు 99 వద్ద ఉండగా బుమ్రా ఔటై చివరి బ్యాటర్‌గా సిరాజ్ వచ్చాడు. ఆస్ట్రేలియా బౌలర్ కమిన్స్ వేసిన మూడు బంతులను సిరాజ్ కాచుకున్నాకే నితీశ్‌కు స్ట్రైక్ దొరికింది, బోలాండ్ బంతిని మిడాన్ మీదుగా బౌండరీకి పంపి శతకం పూర్తి చేశాడు. అవతలి ఎండ్‌లో నిలిచినవారికి ఆ శతకంలో వాటా ఉందని చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ మాకు తట్టడం లేదు.

ప్రశ్న: శతకాల గురించి రాసేటప్పుడు మహిళల పేర్లు ఎందుకు రావు? (అక్కయ్యపాలెం నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: మీ ఆక్షేపణ పూర్తిగా న్యాయమైనది. విశాఖ శతకాల జాబితా వేస్తే 2025 అక్టోబరు 12న ప్రపంచకప్‌లో మన జట్టుపై అలిస్సా హీలీ చేసిన 142 పరుగులు తప్పక అందులో ఉండాలి. భారత మహిళలు 330 పరుగులు చేసినా ఆ శతకంతో ఆస్ట్రేలియా నెగ్గింది. అదే రోజు స్టేడియంలో ఒక స్టాండ్‌కు మిథాలీ రాజ్ పేరు పెట్టారు. ఇక మహిళల శతకాలు సంఖ్యలో తక్కువగా కనిపించడానికి కారణం మొదటి సమాధానంలో చెప్పినదే: ఆడే అవకాశం. 2002లో టాంటన్‌లో ఇంగ్లండ్‌పై 214 పరుగులు చేసిన మిథాలీ ఇరవై మూడేళ్ల ప్రస్థానంలో ఆడినవి 12 టెస్టులు మాత్రమే.